చెఱలోని సూదిపని

కుట్టుపని యనఁగనే స్త్రీల పొద్దుపుచ్చు వినోదమని తలంచుట మనలో వాడుక. స్కాట్లండు రాణి మేరీ చరిత్రము ఈ తలంపును మార్పఁగలదు. 1568లో ఇంగ్లండును శరణుజొచ్చిన యామె 1587లో శిరశ్ఛేదమగువఱకు నిర్బంధముననే యుండెను. ఆమె జాబులపైఁ గావలి యుండెను. సూది మాత్ర మామె చేతనే యుండెను.

కాన్వాసు గుడ్డలోఁ బడుగును పేకయుఁ గలియు చోటులను లెక్కించి, ఒక్కొక్కదానిపై ఏటవాలుగా దారమును దాటింపవలెను.  ఇట్టి కుట్లతోనే యామె యొక పిల్లిని, దాని చెంత నొక యెలుకను చిత్రించెను. పిల్లి ఎలిజబెత్తు రాణి యనియు, ఎలుక మేరీయే యనియుఁ బలువు రూహింతురు. ఆ గుడ్డ నేఁటికిని నిలిచియున్నది.

బాలికలకు సూదిపని నేర్పుఁడనియే మేమును జెప్పుదుము. కాని కలమును లాగికొని సూది నీయవలదు. కలమునకుఁ గావలి పెట్టినచోట స్త్రీ హృదయము సూదిమొననైనను బలుకక మానదు.