కోవిడ్ కాలంలో రిటైల్ సిబ్బంది శిక్షణ (భారతదేశం)

కోవిడ్-19 మహమ్మారి కాలంలో దుకాణాలు, సూపర్ మార్కెట్ల సిబ్బందికిచ్చే నైపుణ్య శిక్షణలో జరిగిన మార్పుల సమాహారం ఇది. దేశంలో రిటైల్ రంగపు ఉద్యోగ ప్రమాణాలను జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ గొడుగు కింద పనిచేసే రిటైలర్స్ అసోసియేషన్స్ స్కిల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (రాస్కి) రూపొందిస్తుంది.

నేపథ్యం: 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలవడంతో శిక్షణ కేంద్రాలు మూతపడ్డాయి. కిరాణా, పాలు, కూరగాయల అమ్మకాలకు మినహాయింపు ఉండటంతో ఆ దుకాణాల సిబ్బంది పని చేస్తూనే కొత్త పద్ధతులు నేర్చుకోవాల్సి వచ్చింది. తర్వాత లాక్‌డౌన్ సడలింపుల్లో భాగంగా వచ్చిన అన్‌లాక్-4 మార్గదర్శకాలు 2020 సెప్టెంబరు 21 నుంచి స్వల్పకాలిక శిక్షణ కేంద్రాలకు అనుమతినిచ్చాయి.

పాఠ్యాంశాలు: మాస్కు ధారణ, చేతుల శుభ్రత, ఆరడుగుల దూరం మొదటి పాఠాలయ్యాయి. క్యాషియర్‌కు క్యూఆర్ కోడ్‌తో చెల్లింపు తీసుకుని, డబ్బు జమైనట్టు సరిచూసుకున్నాకే బిల్లు ఇవ్వడం ముఖ్యమైంది. ఫోన్‌లో వచ్చిన ఆర్డరు ప్రకారం సరుకు ఏరడం, లేనిదానికి బదులేమివ్వాలో కొనుగోలుదారుని అడగడం, ప్యాక్ చేసి డెలివరీకి అప్పగించడం అమ్మకపు సిబ్బంది పనిలో చేరాయి.

పద్ధతి, పరిమితులు: తరగతి పాఠాలు చిన్న వీడియోలుగా, వాట్సాప్ సందేశాలుగా ఫోన్‌కు చేరాయి. స్మార్ట్‌ఫోన్, డేటా లేనివారు వెనుకబడ్డారు. అరల అమరిక, కొనుగోలుదారుతో మాటతీరు వంటివి తెరమీద పూర్తిగా పట్టుబడేవి కావు. అందుకే సిద్ధాంతం ఆన్‌లైన్‌లో, సాధన దుకాణంలో జరిగే మిశ్రమ విధానమే ఈ రంగానికి అనువైనది.