పాలస్తీనా థోబ్

పాలస్తీనా పల్లె స్త్రీలు తరతరాలుగా తొడుక్కునే, చేత్తో ఎంబ్రాయిడరీ చేసిన పొడవాటి వదులు అంగీ థోబ్. దాని మీది కుట్టుపని తత్రీజ్. చాలాచోట్ల అది బట్ట పోగులు లెక్కపెట్టి వేసే క్రాస్ స్టిచ్. బెత్లెహేములో మాత్రం పట్టు, జరీ దారాలను మెలికలుగా పరిచి గుడ్డకు బిగించి కుట్టేవారు. రమల్లా వారి తెల్లబట్ట మీది ఎర్ర పట్టుపని ప్రసిద్ధం. తాయెత్తులు, సైప్రస్ చెట్లు, పాషా గుడారాలు వంటి నమూనాల పొందికను బట్టి తొడుక్కున్నామెది ఏ ప్రాంతమో పోల్చుకునేవారు. దక్షిణాది బెదూయిన్ సంచార తెగల్లో నీలం కుట్టు పెళ్లికాని వారికి, ఎరుపు పెళ్లయినవారికి.

అసలు పనితనమంతా ఛాతీ పలకలో ఉంటుంది. దీన్ని ఖబ్బె అంటారు. అంగీ పాతబడితే పలకను జాగ్రత్తగా విప్పి కొత్తదానికి కుట్టుకునేవారు. అందుచేత పాత థోబ్‌లలో పలక వయసు ఒకటి, బట్ట వయసు మరొకటి కావడం కద్దు.

ఈ కళ ఎన్నడూ మారలేదనడం సరికాదు. 1930ల నాటికే ఫ్రాన్సుకు చెందిన డీఎంసీ కంపెనీ నూలు దారాలు, వాటితోపాటు యూరప్ గులాబీలు, పక్షులు వచ్చి చేరాయి. 1948 యుద్ధంలో లక్షలమంది పాలస్తీనీయులు నిర్వాసితులై శిబిరాలకు చేరాక ఊరికో తీరన్న తేడా పలచబడింది, థోబ్ మొత్తం జాతికి గుర్తయింది. 1987లో మొదలైన ఇంతిఫాదా (పాలస్తీనీయుల తిరుగుబాటు) కాలంలో, జెండా ఎగరేయడంపై ఇజ్రాయెల్ నిషేధం ఉండగా, స్త్రీలు జెండా రంగులను, దేశపటాన్ని దుస్తుల మీదే కుట్టుకున్నారు. 2021లో యునెస్కో ఈ కళను మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.