మోటుపల్లి పెంకులు

వేటపాలెం అనగానే చదువుకున్నవారికి 1918లో పుట్టిన సారస్వత నికేతన గ్రంథాలయం, తక్కినవారికి మగ్గాలు జ్ఞాపకం వస్తాయి. దానికి దక్షిణాన సముద్రపుటొడ్డున వున్న మోటుపల్లి సంగతి వస్తే మాత్రం మన చరిత్రకారులు ముందుగా గణపతిదేవుని అభయశాసనాన్నే తలుస్తారు. తలవవలసిందే. తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును వెనుకటి రాజులు లాగుకునేవారు. తాను సుంకం తప్ప మరేమీ తీసుకోనని 1244లో ఆయన రాతిమీద చెక్కించాడు. చందనం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టునూలు, మిరియాలు, పోకలు - వేటిమీద ఎంత సుంకమో పట్టిక కూడా వుంది.

ఆ పట్టికలో పింగాణీ గిన్నె పేరు లేదు. కాని 1970లలో మోటుపల్లిలో తవ్వినప్పుడు చీనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. చరిత్రను శాసనాలతోనే సరిపెట్టుకునేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.

ఆకుపచ్చ మెరుగుగల పెంకులు చేజియాంగ్ రాష్ట్రంలోని లుంగ్‌చువాన్ నుంచి వచ్చినవి. ఆ పచ్చదనం రంగు పూయగా వచ్చింది కాదు. పూతలో రవంత ఇనుము వుంటుంది. 1200 డిగ్రీలకు పైబడిన వేడిలో, ఆములోకి చాలినంత గాలి పోనీయకుండా కాలిస్తే ఆ ఇనుమే పచ్చనవుతుంది. గాలి ఎక్కువైతే పసుపుకో గోధుమరంగుకో తిరుగుతుంది. కొండవాలున పాములా సాగిన ఆ ఆములు కొన్ని 50 మీటర్లకు మించిన పొడవు. పాత్ర మూసిన మట్టిడబ్బాలో వుంటుంది, కంటికి కనబడదు. మంటను చూసే లోపలి సంగతి పోల్చుకోవాలి. గిన్నె పచ్చిగా వున్నప్పుడే వెలుపల కత్తితో తామరరేకులు చెక్కేవాడు. పళ్ళెం అడుగున జంట చేపలను అచ్చుతీసి అంటించేవాడు. రేకు అంచున పూత పలచబడి తేలికగా, గాడిలో చిక్కబడి ముదురుగా నిలుస్తుంది. వేరే రంగు లేకుండానే చెక్కుడూ పూతా కలిసి బొమ్మ కడతాయి. వర్తకుడు కోరిన ఆకారాలనే వేలకొలది చేయవలసిన పనివాడు, ఆ కట్టుబాటులోనే ఇంత సాధించాడు.

మరి మన కుమ్మరి దీన్ని చూసి ఎందుకు నేర్చుకోలేదని అడిగేవారున్నారు. అడగడం తేలిక. తగిన మన్ను, అంత వేడిని నిలిపే ఆము, దానికి మదుపుపెట్టే వర్తకుడు కావాలి. గ్రామం అతన్ని అడిగింది నీళ్ళు చల్లబరిచే కుండను. దానికి మెరుగు పూస్తే మట్టిలోని సన్నని రంధ్రాలు మూసుకుపోయి నీళ్ళు చల్లబడవు. కళ్ళంలో గింజలు కొలిపించుకుని బ్రతికేవాని చేతిలో లోపం వెదకడం అన్యాయం.

13వ శతాబ్ది చివర మార్కోపోలో ఈ రేవును ముత్ఫిలి అన్నాడు; ఇక్కడి వజ్రాలనూ, సాలెగూటివంటి నూలుబట్టలనూ మెచ్చుకున్నాడు. ఆ గ్రంథంలోనే చీనా కుమ్మరుల మాట కూడా వుంది. తవ్విన మన్నును 30, 40 ఏళ్ళు ఎండకూ వానకూ వదిలేస్తారనీ, తండ్రి తవ్వింది పిల్లలకే అక్కరకొస్తుందనీ రాశాడు. తన చేతికి రాని మన్నును తవ్విపెట్టిన ఆ తండ్రి పేరు అందులో లేదు. మగ్గంమీద ఆ బట్ట నేసినవాని పేరూ లేదు. శాసనంలో గణపతిదేవుని వంశావళి మాత్రం తాతముత్తాతల దాకా వుంది.