చమురుకు దారి ఉంది, డబ్బుకు లేదు: భారత్-ఇరాన్ చెల్లింపుల అనుభవం (2010–2019)

సారాంశం

ఇరాన్ ముడి చమురుకు డబ్బు కట్టడానికి 2010 నుంచి 2019 వరకు భారత్ వెతుక్కున్న మార్గాలను ఈ వ్యాసం వరుసగా పరిశీలిస్తుంది. అవి ఒక్కొక్కటిగా మూసుకుపోవడానికి కారణం సాంకేతిక లోపం కాదు, డాలర్, యూరో లావాదేవీల మీద అధికారం ఉన్న దేశాల రాజకీయ నిర్ణయాలు. రూపాయి ఖాతా కొంత వెసులుబాటు ఇచ్చింది. అయితే వాణిజ్యం ఏకపక్షంగా ఉన్నచోట ఇద్దరి మధ్యే లెక్క తేల్చుకునే ఏర్పాటు ఎక్కువ కాలం నిలబడదనీ, వర్ధమాన దేశాలు బహుపాక్షిక సర్దుబాటు వైపు నడవాలనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలక పదాలు: స్విఫ్ట్, ఆంక్షలు, ఆసియా క్లియరింగ్ యూనియన్, రూపాయి ఖాతా, విదేశాంగ విధానం

1. డాలర్ లెక్క తేలే చోటు

రెండు దేశాల వ్యాపారులు డాలర్లలో బేరం కుదుర్చుకుంటే, సరుకు ఏ సముద్రం మీదుగా వెళ్లినా డబ్బు లెక్క చాలావరకు న్యూయార్క్‌లోనే తేలుతుంది. 1973లో బెల్జియంలో ఏర్పడిన స్విఫ్ట్ సొమ్మును మోయదు. ఎవరి ఖాతా నుంచి ఎవరి ఖాతాకు ఎంత మార్చాలో తెలిపే సందేశాన్ని మాత్రమే చేరవేస్తుంది. సొమ్ము చేతులు మారేది ఒక బ్యాంకు మరో బ్యాంకులో తెరిచిన ఖాతాల్లో. డాలర్ విషయంలో ఆ ఖాతాలు అమెరికా చట్టం కింద ఉంటాయి కాబట్టే ఆ దేశపు ఆంక్షలు దాని సరిహద్దు దాటి పనిచేస్తాయి. సూడాన్, ఇరాన్, క్యూబా లావాదేవీలు నడిపినందుకు 2014లో ఫ్రెంచి బ్యాంకు బీఎన్‌పీ పారిబాకు దాదాపు 890 కోట్ల డాలర్ల జరిమానా పడింది. ఇలాంటి శిక్షల భయంతో చట్టం నిషేధించని వ్యాపారాన్ని సైతం బ్యాంకులు వదులుకుంటాయి. ఆ నష్టం ఎక్కువగా పేద దేశాల మీదే పడుతుంది.

2. మూతపడిన మార్గాలు

1974 డిసెంబరులో ఏర్పడిన ఆసియా క్లియరింగ్ యూనియన్ కేంద్ర కార్యాలయం టెహ్రాన్‌లో ఉంది. సభ్యదేశాల కేంద్ర బ్యాంకులు తమ పరస్పర బాకీలను రాసుకుని, రెండు నెలలకోసారి కూడికలు తీసివేతలు చేసి, మిగిలిన నికర మొత్తాన్ని మాత్రమే విదేశీ ద్రవ్యంలో చెల్లించేవి. ఇరాన్ చమురు చెల్లింపులు కూడా ఇలాగే సాగేవి. 2010 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు ఆ చెల్లింపులను ఈ ఏర్పాటు నుంచి తప్పించింది.

తర్వాత హాంబర్గ్‌లోని యూరోపియన్-ఇరానియన్ ట్రేడ్ బ్యాంకు ద్వారా కొంతకాలం చెల్లింపులు సాగాయి. 2011 మేలో ఐరోపా సమాఖ్య ఆ బ్యాంకు మీద ఆంక్షలు విధించింది. అటుపై టర్కీకి చెందిన హాల్క్‌బ్యాంక్ ఆదుకుంది. 2012 మార్చిలో స్విఫ్ట్ ఇరాన్ బ్యాంకులను తన వ్యవస్థ నుంచి తొలగించింది. 2013 ఫిబ్రవరిలో అమెరికా చట్టం మరింత బిగియడంతో హాల్క్‌బ్యాంక్ దారి కూడా ఆగిపోయింది. రిఫైనరీలు చమురు తెచ్చుకున్నాయి గానీ పూర్తి బిల్లు కట్టలేకపోయాయి. ఇరాన్ అగ్రరాజ్యాలతో కుదుర్చుకున్న అణు ఒప్పందం అమలులోకి వచ్చిన 2016 నాటికి ఆ బకాయి 600 కోట్ల డాలర్లు దాటింది.

3. కోల్‌కతాలోని ఖాతా

2012లో కుదిరిన ఏర్పాటు ప్రకారం చమురు విలువలో 45 శాతం రూపాయల్లో చెల్లించాలి. ఇందుకు కోల్‌కతా కేంద్రంగా ఉన్న యూకో బ్యాంకును ఎంచుకున్నారు. అమెరికాలో దానికి వ్యాపారం లేకపోవడమే దాని అర్హత.

ఈ ఖాతా పనిచేసిన తీరును దగ్గరగా చూడాలి. మంగళూరు రిఫైనరీ తాను కొన్న చమురుకు రూపాయలను ఇరాన్ బ్యాంకుల పేరనున్న ఖాతాలో వేస్తుంది. కర్నాల్ ఎగుమతిదారు ఇరాన్‌కు బాస్మతి పంపుతాడు. అక్కడి దిగుమతిదారు తమ దేశపు బ్యాంకులో రియాళ్లు కడతాడు. ఆ బ్యాంకు కబురు పంపగానే యూకో బ్యాంకు ఖాతాలోని రూపాయలు ఎగుమతిదారుకు అందుతాయి. ఒక్క రూపాయి కూడా సరిహద్దు దాటలేదు, ఒక్క డాలర్ అవసరం కాలేదు. చమురు బియ్యంగా మారింది.

4. ఏర్పాటుకున్న హద్దులు

2018 మేలో అమెరికా అణు ఒప్పందం నుంచి వైదొలగింది. ఐక్యరాజ్య సమితి ఆంక్షలనే తప్ప ఒక దేశం విధించే ఆంక్షలను భారత్ పాటించదని నాటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ అదే నెలలో స్పష్టం చేశారు. నవంబరులో చమురు ఆంక్షలను తిరిగి అమలుచేస్తూ అది భారత్ సహా 8 దేశాలకు ఇచ్చిన మినహాయింపు 2019 మే మొదట్లో ముగిసింది. ఆపై భారత్ ఇరాన్ చమురు కొనడం ఆపేసింది. మాట మారలేదు, కొనుగోలు ఆగింది. బ్యాంకులు, బీమా సంస్థలు, నౌకా కంపెనీలు వెనకడుగు వేశాక ప్రకటించిన విధానాన్ని ఆచరించే సాధనమే దేశం చేతిలో లేకపోయింది.

దెబ్బ అక్కడితో ఆగలేదు. చమురు రాకపోతే ఖాతాలో రూపాయలు పడవు, రూపాయలు లేకపోతే బాస్మతికి బిల్లు రాదు. ఆంక్షల పరిధిలో లేని ఆహార ధాన్యం వ్యాపారం కూడా అలా కుంగిపోయింది.

తర్వాత ఆంక్షలకు గురైన రష్యా విషయంలో ఇబ్బంది మరో రూపంలో వచ్చింది. విదేశీ వ్యాపారాన్ని రూపాయల్లో నడిపే ప్రత్యేక వోస్ట్రో ఖాతాలకు రిజర్వ్ బ్యాంకు 2022 జులైలో అనుమతిచ్చింది. రష్యా నుంచి భారత్ కొనేది ఎక్కువ, అమ్మేది తక్కువ. భారత బ్యాంకుల్లో వందల కోట్ల రూపాయలు పోగుపడ్డాయనీ, వాడుకోవాలంటే వాటిని మరో కరెన్సీలోకి మార్చుకోవాలనీ రష్యా విదేశాంగ మంత్రి లావ్‌రోవ్ 2023 మేలో గోవాలో చెప్పారు. ఇరాన్‌కు రూపాయి కొరత, రష్యాకు రూపాయి మిగులు. రెండింటికీ మూలం ఒక్కటే: ఇద్దరి మధ్య మాత్రమే తిరిగే డబ్బు మూడో చోట చెల్లదు.

5. ముగింపు

సొంత సందేశ వ్యవస్థ, యూపీఐ వంటి వేగవంతమైన వేదిక ఉంటే చాలునన్న అభిప్రాయం ఈ అనుభవం ముందు నిలవదు. చెల్లింపు ఎంత వేగంగా చేరిందన్నదాని కంటే, అందిన సొమ్ముతో అందుకున్నవాడు ఏం కొనగలడన్నది ముఖ్యం. 1950లో ఏర్పడిన యూరోపియన్ పేమెంట్స్ యూనియన్ ఈ చిక్కును బహుపాక్షిక సర్దుబాటుతో పరిష్కరించింది. ఒక దేశం దగ్గరున్న మిగులును మరో దేశపు బాకీకి మళ్లించుకునే వీలు కల్పించింది. అమెరికా ఇచ్చిన మూలధనం దానికి అండగా నిలిచింది.

ఆసియా క్లియరింగ్ యూనియన్‌లో ఆ ఆలోచన ఉంది, కానీ చివరి నికర బాకీ డాలర్ వంటి విదేశీ ద్రవ్యంలోనే తేలడం దాని బలహీనత. భారత్ చేయవలసిన పని ఇక్కడే ఉంది. చమురు అమ్మే దేశాలనూ, సరుకులు అమ్మే దేశాలనూ ఒకే లెక్కలోకి తేవాలి. మిగులున్న సభ్యుల రూపాయలకు భారత బాండ్లలో, పరిశ్రమల్లో పెట్టుబడి అవకాశం చూపాలి. లోటులో ఉన్నవారికి పరిమిత రుణ సదుపాయం కల్పించాలి. ఇందుకు మూలధన ఖాతా మీద ఉన్న నియంత్రణలను కొంత సడలించక తప్పదు. దానిలో ముప్పు కూడా ఉంది కాబట్టి అడుగు ఆచితూచి వేయాలి. అయినా వేయాలి. స్వతంత్ర విదేశాంగ విధానం కోరుకునే దేశం దాని ఖర్చును చెల్లింపుల వ్యవస్థలో ముందుగానే భరించాలి.