గ్రంథమునకు పేరు, పుటకు శీర్షిక

నేడు మనమొక పుస్తకమును చేతబట్టుకొన్న వెంటనే అట్టమీద పేరు కనబడును. పేరు ముందు, విషయము వెనుక. ఇది సృష్ట్యాదినుండి వచ్చుచున్న మర్యాదవలె మనకు తోచును గాని, నిజమున కిది మిక్కిలి క్రొత్త మర్యాద. గ్రంథమునకు పేరు తుదనుండిన కాలమును, పేరే లేక గ్రంథములు చెల్లిన కాలమును చాల దీర్ఘములు. ఆ పేరు తుదినుండి మొదటికి ఎట్లు వచ్చినది, మొదటికి వచ్చిన పిదప అంతర్జాలమున నెట్టి క్రొత్త పదవి నెక్కినది అను సంగతి నేడు ముచ్చటింపదలచితిని. ఇది పండితులకు మాత్రమే పట్టిన విషయమని యనుకొనవలదు. మీ గ్రామచరిత్రమును మీ మనుమడు వ్రాసి అంతర్జాలమున నుంచెననుకొందము. రేపు దాని నెవ్వరైన చదువుదురా, చదువరా యనునది చాలవఱకు ఆ పుట నెత్తిన నతడు పెట్టిన నాలుగు మాటలపై నాధారపడియుండును.

తాటాకు గ్రంథములను కన్నులార చూచిన పెద్దలు మీలో కలరు. ఆకులకు రంధ్రములు పొడిచి, త్రాడు దూర్చి, పైన నొకటి క్రింద నొకటి కొయ్యపలక నుంచి బిగించి కట్టెడివారు. కట్ట విప్పిన తోడనే గ్రంథనామము కనబడదు. మొదట దేవతాస్తుతి, పిమ్మట పూర్వకవిస్తుతి, ఆ పిమ్మట కృతిపతి వంశవర్ణనము. ఇది యే గ్రంథము, ఎవరు రచించినది, ఎన్నవ ఆశ్వాసము అని యొక్కచోట స్పష్టముగా తెలియవలెనన్న ఆశ్వాసాంతమున నుండు గద్యమును వెదకవలసినదే. కవి తన తండ్రిపేరును, తన బిరుదములను, గ్రంథము పేరును అచ్చట ముద్ర వేసినట్లు చెప్పును. పెద్ద కావ్యములకు ఆశ్వాసమున కొక గద్యముండుటచేత ఒకటి చెడినను మఱియొకటి మిగులును. కాని చిన్నపొత్తములకు తుది ఆకులు చెదలు తిన్నచో పేరును ఊరును పోయినట్లే. ఒక్క కట్టలోనే రెండుమూడు గ్రంథములు చేరియుండుటయు కలదు. పైపలకమీద పేరు వ్రాసియున్నంత మాత్రమున నమ్మరాదు. నేను చూచిన కట్టలలో పలకమీది పేరొకటి, లోపలి గ్రంథ మొకటి యైనవి కలవు. పాతకట్ట చినిగినప్పుడు దాని పలకలను మఱియొక కట్టకు వాడుకొనుటచే నిట్లు జరుగును.

ఈ వ్యవహారము మనకు మాత్రమే కాదు. ప్రాచీన గ్రీకులు పపైరసు అను రెల్లు పట్టలతో చేసిన కాగితముపై వ్రాసి చాపవలె చుట్టి యుంచెడివారు. గ్రంథనామమును వారును సాధారణముగా చుట్ట తుదనే వ్రాసిరి. చుట్టినప్పుడు తుదిభాగము లోపలికి పోవును గనుక అది చెడకుండును. అయితే చుట్టను విప్పక పేరు తెలియుటెట్లు? అందులకై చుట్ట కొసకు చిన్న పట్టీ నొకదానిని వ్రేలాడగట్టిరి. అలెగ్జాండ్రియా నగరమున క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున కల్లిమాకసు అను కవిపండితుడు నూటయిరువది చుట్టలలో గ్రంథసూచిక నొకదానిని రచించెను. ఒక్కొక్క గ్రంథమునకు పేరుతోపాటు దాని మొదటి పంక్తిని, మొత్తము పంక్తుల సంఖ్యను కూడ అందులో చేర్చెనట. పేరొక్కదానినే నమ్ముకొన్నచో గ్రంథమును పోల్చుట కష్టమని ఆతనికి తెలిసియుండవలెను.

మన దేశమున శీర్షిక పెట్టుటలో నాకు మిక్కిలి నచ్చిన పని యొకటి కలదు. అది కవులు చేసినది కాదు, కరణములు చేసినది. కర్నలు కాలిన్ మెకంజీ యను స్కాట్లండు దేశీయుడైన అధికారి సర్వే పనిమీద దక్షిణదేశమంతయు తిరుగుచు, కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సాయముతో ఊరూర స్థానిక వృత్తాంతములను వ్రాయించి తెప్పించెను. వీనినే మనము కైఫియత్తులని యందుము. గ్రామమెట్లు పుట్టినది, గుడి యెవరు కట్టించిరి, చెరువెవరు త్రవ్వించిరి, మాన్యము లెవరి కెప్పుడు చెల్లినవి అను సంగతులన్నియు వానిలో కలవు. మెకంజీ 1821లో మరణించెను. ఆతని సేకరణమునకు విల్సను పండితుడు 1828లో వివరమైన సూచిక ప్రకటించెను. ఇప్పుడా కైఫియత్తుల శీర్షికలను చూడుడు. అలంకారములు లేవు. గ్రామము పేరు, అది చేరిన తాలూకా లేక పరగణా పేరు, కైఫియత్తు అను మాట, అంతే. ఇది యేమి? ఎచ్చటిది? ఏ జాతి వ్రాత? ఈ మూడు ప్రశ్నలకును ఒక్క పంక్తిలో సమాధాన మున్నది. రెండువందల యేండ్లు గడచిన తరువాతను ఒకానొకడు తన ఊరి వృత్తాంతమును ఆ రాశిలోనుండి తీసి చదువుకొనగలుగుచున్నాడన్న అందులకు ఆ పంక్తి చేసిన యుపకారము తక్కువది కాదు.

ఐరోపాలో అచ్చు వచ్చిన పిదపగాని పేరు ముందుపుటకు రాలేదు. 1455 ప్రాంతమున గూటెన్‌బర్గు అచ్చువేసిన బైబిలుకు ముఖపత్రమే లేదు. ఆ దినములలో పుస్తకములను కుట్టని కాగితములుగానే అమ్మెడివారు. మొదటిపుట మాయకుండుటకై పైన నొక తెల్లకాగితము నుంచిరి. దొంతరలలో ఏది యేదియో తెలియక యిబ్బంది పడి, ఆ తెల్లకాగితముపై పేరును అచ్చువేయ మొదలిడిరి. 1476లో వెనీసు నగరమున రాట్‌డోల్టు, ఆతని భాగస్వాములు అచ్చువేసిన యొక పంచాంగమునకు, చుట్టును లతల చిత్రములతో, ముద్రాపకుల పేర్లతో, స్థలముతో, సంవత్సరముతో నిండుముఖపత్ర మేర్పడినది. ముఖపత్రపు చరిత్రలో పంచాంగమునకే యీ గౌరవము దక్కుట మనవారికి సంతోషము కలిగింపవచ్చును.

పేరు ముందుకు వచ్చిన తోడనే దానికి వర్తకపు బుద్ధి పట్టినది. ముఖపత్రములను విడిగా అచ్చువేసి గోడలకును స్తంభములకును అంటించి పుస్తకము నమ్ముకొనిరి. 1719లో లండనున వెలువడిన రాబిన్సన్ క్రూసో కథకు పెట్టిన పూర్తిపేరు చదువవలెనన్న ఊపిరి చాలదు. ఇరువదియెనిమిది సంవత్సరములు, నిర్జనద్వీపము, ఓడ మునుగుట, తక్కిన వారెల్ల చచ్చుట, తుదకు ఓడదొంగల వలన విడుదల యగుట, అంతయు ముఖపత్రముననే కలదు. కథ చదువకయే కథ తెలిసిపోవును. అయినను పుస్తకము విరివిగా అమ్ముడుపోయినది. కాని లోకము గుర్తుంచుకొన్నది రెండుమాటలను మాత్రమే.

ఇక పేరుతో వెదకుట యను విద్యకు వత్తము. భూమి కొనునప్పుడు రిజిస్ట్రారు కచేరికి పోయి వెదకించిన వారికి దీని మర్మము ముందే తెలియును. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఒకటవ సూచికలో దస్తావేజు వ్రాసియిచ్చినవారి పేర్లుండును, రెండవ సూచికలో ఆస్తి వివరములుండును. గుమాస్తా దస్తావేజు లన్నింటిని చదువడు. సూచికను త్రిప్పును. సూచికలో ఊరిపేరు తప్పుపడినచో దస్తావేజు భద్రముగా బీరువాలోనే యున్నను వెదకువానికి లేనట్లే.

పుస్తకముల విషయమున నిట్టి తలపు తలచినవాడు క్రెస్టడోరో యను ఇటలీ దేశస్థుడు. ఇంగ్లండున 1856లో ఆత డొక చిన్నగ్రంథము ప్రకటించి, పాఠకునికి గ్రంథకర్త పేరు తెలియకపోవచ్చును, పేరులోని ముఖ్యమైన మాట మాత్రము జ్ఞప్తియందుండును, కావున ఆ మాట క్రింద కూడ గ్రంథమును చూపవలెనని వాదించెను. పిమ్మట మాంచెస్టరు గ్రంథాలయమున దీనిని ఆచరణలో పెట్టెను. నూరేండ్ల తరువాత, 1958లో, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థయందలి లూన్ అను నాతడు ఆ పనినే కంప్యూటరుచేత చేయించెను. శాస్త్రవ్యాసముల పేర్లలోని ప్రతి ముఖ్యపదమును అక్షరక్రమమున నడుమ నిలిపి, తక్కిన మాటలను అటునిటు చూపు సూచిక అది. ‘యొక్క’, ‘గూర్చి’ వంటి మాటలను యంత్రము విడిచిపెట్టును. అప్పుడొక చిక్కు బయటపడినది. ‘కొన్ని పరిశీలనములు’ అని పేరు పెట్టిన వ్యాసము ఏ మాటక్రిందను ఉపయోగపడునట్లు రాదాయెను! అందుచేత పేరులో విషయమును తెలుపు మాట లుండవలెనని శాస్త్రజ్ఞులకు బోధింపవలసి వచ్చినది. నేడు అంతర్జాలమున శీర్షికలనుగూర్చి చెప్పు బోధలకెల్ల మూలము ఇచ్చటనే యున్నదని నా తలపు.

స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ 1989లో ప్రతిపాదించి, తరువాతి రెండేండ్లలో నిర్మించిన అంతర్జాలపుటల పద్ధతిలో మొదటినుండియు ప్రతి పుటకును శీర్షిక కొక స్థానము కలదు. ఇది పుటలోపల కనబడు పెద్దయక్షరముల పేరు కాదు. పుట వెనుక విడిగా వ్రాయబడునది, పలకమీద వ్రాసిన పేరువంటిది. 1995లో ప్రకటించిన నియమములలో దీనిని గూర్చి చెప్పిన మాటలు తెలివిగలవి. పుటను దాని చోటినుండి వేఱుచేసి చూచినను అర్థమగునట్లు శీర్షిక యుండవలెను. ఉత్త ‘ఉపోద్ఘాతము’ అన్నచో దేనికి ఉపోద్ఘాతమో తెలియదు. అరువదినాలుగు అక్షరములకు లోబడినచో మధ్యలో తెగకుండును. ఆనాటికి వెదకు యంత్రములు బాల్యమున నున్నవి.

1993 డిసెంబరులో స్కాట్లండునందలి స్టిర్లింగు విశ్వవిద్యాలయమున జోనథన్ ఫ్లెచరు నడపిన జంప్‌స్టేషను అను యంత్రము పుటల శీర్షికలను, లోపలి ఉపశీర్షికలను మాత్రమే సూచికలో చేర్చెను. పూర్తిగా చేర్చుటకు యంత్రమున చోటు చాలదు. 1994లో వెబ్‌క్రాలరు అనునది పుటలోని మాటలన్నింటిని చేర్చినది. అయినను శీర్షిక ప్రాముఖ్యము పోలేదు. 1998లో గూగులును స్థాపించిన పేజి, బ్రిన్ అను యువకులు తమ వ్యాసములో, శీర్షికలను మాత్రమే వెదకినను, ఏ పుటను ఎందఱు పేర్కొనుచున్నారను గౌరవక్రమముతో కలిపినచో, పలు విషయములకు ఫలితము చక్కగా వచ్చుచున్నదని చెప్పిరి. నాలుగుమాటల శీర్షికకు నాలుగువేల మాటల పుటకంటె యింత బలమెట్లు వచ్చినది? వ్రాసినవాడే తన వ్రాతకు ఇచ్చుకొన్న సాక్ష్యమది యని యంత్రము భావించును గనుక.

సాక్ష్యమన్న చోట కూటసాక్ష్యము రాక మానదు. 1990 తరువాతి దశకమున వర్తకులు శీర్షికలో ఒక్కమాటనే పదిమార్లు వ్రాసిరి. సంబంధము లేని ప్రసిద్ధనామములను జొనిపిరి. క్రూసో ముఖపత్రపు బుద్ధియే యిది, కాని క్రూసో ముఖపత్రమున అబద్ధము లేదు. యంత్రములు మెల్లగా దీనిని కనిపెట్టి లెక్కచేయుట మానినవి. 2021 ఆగస్టులో గూగులు మఱియొక యడుగు వేసినది. వ్రాసినవాని శీర్షిక తగియుండలేదని తోచినచో, పుటలోని పెద్దయక్షరముల మాటలనో మఱియొకదానినో తీసి చూపుట హెచ్చించినది. రచయితలు ఆక్షేపింపగా మార్పులు చేసి, నూటికి ఎనుబదియేడు పాళ్లు వ్రాసినవారి శీర్షికలనే వాడుచున్నామని ఆ సెప్టెంబరులో ప్రకటించినది. తక్కిన పదుమూడు పాళ్లకు పలక మార్చినవాడు యంత్రమే. ఇది నా కంత రుచింపదు. లోపలిదొకటి పైదొకటిగా వ్రాసినవారి తప్పునకు నిజము వ్రాసినవారును లోబడవలసి వచ్చుచున్నది.

మన భాషకు చిక్కులు వేఱు. ప్రపంచ లిపులకెల్ల నొక్క సంకేతపద్ధతి నేర్పఱచిన యూనికోడు 1991లో మొదటి కూర్పుననే తెలుగును చేర్చినది. కాని అది వాడుకలోనికి వచ్చువఱకు అంతర్జాలమున తెలుగు పత్రికలు తమతమ అచ్చక్షరములతో నడచినవి. కంటికి తెలుగే, యంత్రమునకు మాత్రము అర్థములేని గుర్తులు. ఆనాటి పుటలను తెలుగు మాటతో వెదకిన దొరకవు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా వచ్చునాటికి ఈ స్థితి మాఱుచుండెను. నేడు మిగిలిన చిక్కు మన వ్రాతలోనే కలదు. ‘గ్రామచరిత్రము’ అని కలిపి వ్రాయువా రుందురు, ‘గ్రామ చరిత్ర’ అని విడదీసి వెదకువా రుందురు. ఊరిపేరును ఇంగ్లీషు అక్షరములతో నాలుగు విధముల వ్రాయువా రుందురు. ఫోనులో వెదకువాడు సంధులు చేసి వెదకడు. కావున శీర్షికలో మాత్రము సంధులను విప్పి, జనము పలుకు రూపమున ఊరిపేరును వ్రాయుట మేలు. గ్రాంథికాభిమానినైన నేనీ మాట చెప్పుట వింతగా తోచవచ్చును. కాని లోపలి వ్రాతలో ఎవరి భాష వారు వ్రాసికొనవచ్చును గదా.

మన రామాపురములు, కొత్తపల్లెలు, గోపాలపురములు ఎన్నో యెవరు లెక్కింపగలరు? ‘మా ఊరి చరిత్ర’ అని పేరు పెట్టిన పుట ఏ ఊరిదియో యంత్రమునకు తెలియదు, పొరుగుజిల్లావానికి అసలే తెలియదు. ‘రామాపురము చరిత్ర’ అన్నను కొఱతయే. కైఫియత్తు వ్రాసిన కరణమువలె పై చిరునామా చేర్చవలెను. తెలుగు వికీపీడియావారు ఒకే పేరుగల గ్రామములకు మండలము పేరును ప్రక్కన చేర్చుచున్నది ఇందుకే. అయితే ఈ చిరునామాలు కూడ నిలుకడగలవి కావు. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. తెలంగాణమున 2016లో పది జిల్లాలు ముప్పదియొకటి యైనవి, 2019లో మఱి రెండు చేరినవి. ఆంధ్రప్రదేశమున 2022లో పదుమూడు జిల్లాలు ఇరువదియాఱైనవి. ఊరు కదలలేదు, ఊరి చిరునామా మాత్రము మాఱుచు వచ్చినది. పాతతాలూకా పేరుతో వెదకు తాతయు, క్రొత్తజిల్లా పేరుతో వెదకు మనుమడును ఒక్క పుటకే చేరవలెనన్న, శీర్షికలో గ్రామము, మండలము, నేటిజిల్లా వ్రాసి, పాతతాలూకా పేరును పుట మొదటి వాక్యముననే చెప్పుట మంచిది. జిల్లా మాఱిననాడు శీర్షికను కూడ మార్చుకొనవలెను. ఊరిపేరు మొట్టమొదట నుండవలెను, ఏలయన ఫోను తెరమీద చోటు చాలక తెగిపోవునది తుదిభాగమే.