ముహూర్తం ముంచుకొస్తుంటే

హాల్ రోచ్ సంస్థ నుంచి బయటికొచ్చిన హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ సొంతంగా తీసిన మొదటి మూకీ చిత్రం ‘గర్ల్ షై’ 1924లో విడుదలైంది. ఫ్రెడ్ న్యూమేయర్, శామ్ టేలర్ దర్శకులు. కథానాయకుడు చిన్న ఊళ్లో దర్జీ దగ్గర పనిచేసే కుర్రాడు. ఆడవాళ్లు ఎదురైతే నత్తి ముంచుకొస్తుంది. అయినా ప్రేమ రహస్యాలపై పుస్తకం రాస్తాడు. అతను మనసిచ్చిన మేరీ (జోబైనా రాల్‌స్టన్) పెళ్లాడబోయే ధనవంతుడికి ముందే భార్య ఉందని తెలియగానే పరుగు మొదలవుతుంది. కార్లు, ట్రామ్, మోటార్‌సైకిల్, గుర్రపు బండి, ఏది దొరికితే అది. లాస్ ఏంజెలెస్ వీధుల్లో సాగే ఈ ఘట్టమే సినిమాకు ప్రాణం. మూకీల కాలంలో ఇంత ఉత్కంఠ పుట్టించిన ఛేజింగులు అరుదు. తీరా పెళ్లిమంటపంలో అతనికి నోరు పెగలదు. చెప్పలేక, వధువును ఎత్తుకుని బయటికి పరుగెత్తుతాడు. మాటలేని సినిమాకు ఇంతకన్నా తగిన పతాక సన్నివేశం లేదు.