బల్బు మినుకుమంటే

నేను లైన్‌మన్‌గా చేరిన కొత్తల్లో తెనాలిలో అద్దెకుండేవాళ్ళం. వీధి చివర వెల్డింగ్ షాపు. సాయంత్రం ఇంట్లో బల్బు ఉన్నట్టుండి ఎర్రబడి మళ్ళీ తేరుకుందంటే అక్కడ రాడ్డు అంటించారన్నమాట. "ఆ గేటు పని ఇంకా అవలేదురా వాళ్ళకి" అనేది మా అమ్మ, పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే.

ఆ మిషను నూనె పోసిన ఇనప పెట్టె. నలుగురు పట్టుకుంటే గానీ కదలదు. రెండు ఫేజుల మధ్య 400 పైచిలుకు వోల్టులు తీసుకుని, రాడ్డు దగ్గరికొచ్చేసరికి 70, 80కి దించి, ఆంపియర్లు మాత్రం వందల్లో ఇచ్చేది. ఇళ్ళకి మేమిచ్చేది ఒక్క ఫేజు. అందుకే మడతమంచం కాలు విరిగినా, సైకిలు క్యారియర్ ఊడినా వస్తువే షాపుకి వెళ్ళాలి. మిషను ఇంటికి రావడమనేది అప్పట్లో ఎవరి ఊహలోనూ లేదు.

రిటైరయ్యాక డాబా మీద రేకుల షెడ్డు వేసుకుని ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను కొన్నాను. ఆరు కిలోలు. భుజాన వేసుకోవడానికి పట్టీ కూడా ఉంది. అంత బరువూ ఏమైపోయిందా అని నాకు పట్టుకుంది.

వెల్డింగ్ తొలి రోజుల్లో బరువంతా బ్యాటరీలదే. 1881లో రష్యావాడు నికొలాయ్ బెనార్దోస్ బొగ్గు కడ్డీకీ ఇనుముకీ మధ్య ఆర్కు పుట్టించి లోహాన్ని అతికాడు. మనకి విశ్వకర్మ ఎలాగో గ్రీకులకి హెఫైస్టస్ అలాగ. ఆ దేవుడి పేరు కలిపి బెనార్దోస్ తన పద్ధతికి పేరు పెట్టుకున్నాడు. 1888లో స్లావ్యానోవ్ అనే మరో రష్యన్ ఇంజనీరు బొగ్గు తీసేసి లోహపు కడ్డీనే వాడాడు. ఆ కడ్డీయే కరిగి అతుకులో కలుస్తుంది. కానీ అది బోడి కడ్డీ. కరిగిన ఇనుముకి గాలి తగిలి అతుకు పెళుసయ్యేది.

ఆ లోటు తీర్చినవాడు స్వీడన్‌కు చెందిన ఆస్కార్ షెల్‌బెర్గ్. ఓడల బాయిలర్లు బాగుచేసే మనిషి. 1904లో గోథెన్‌బర్గ్‌లో ఈసాబ్ కంపెనీ పెట్టాడు. ఇనప తీగల్ని చిక్కటి ఖనిజాల ముద్దలో ముంచి ఆరబెట్టాడు. మన కాకరపువ్వొత్తులు చేసే పద్ధతే! అంటించగానే ఆ పూత కాలి, పొగలా కమ్ముకుని గాలిని అడ్డుకుంటుంది. మిగిలింది అతుకు మీద నల్లటి పెచ్చుగా గడ్డకడుతుంది. సుత్తితో చిన్నగా కొడితే ఒక్కోసారి పెచ్చు మొత్తం ఒకే ముక్కగా ఎగిరిపోయి, కింద చేప పొలుసుల వరసలా అతుకు బయటపడుతుంది. నాకు అలా మూడుసార్లే వచ్చింది, అదీ బల్లపరుపు పనిలో.

కరెంటు కథ వేరు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు పల్లెల్లో పెద్ద మిషన్లు నడిపే కరెంటు లేదని 1929లో నీల్స్ మిల్లర్ ఆ లైనుకి తగ్గ చిన్న ఏసీ మిషను కట్టాడు. లైన్‌మన్‌గా చెబుతున్నా, ఆయన మీద నాకు ఎక్కడలేని గౌరవం. జనాన్ని కరెంటుకి తగ్గట్టు సర్దుకోమనలేదు. తర్వాత అక్కడి ఇంటి షెడ్లలోకి లింకన్ కంపెనీ ఏసీ-225 వచ్చింది. దాని వాలకం చూసి జనం సమాధిరాయి అని పిలిచారు. అది కూడా భుజాన వేసుకునే బరువు కాదు.

బరువు దించింది ఇన్వర్టర్. 1977లో ఫిన్లాండ్‌లో కెంప్పీ కంపెనీ హిలార్క్ 250 తెచ్చింది. మన లైన్లో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఆ నెమ్మదికి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుము బోలెడు కావాలి. ఇన్వర్టర్ ఆ ఊపుని వేలల్లోకి పెంచుతుంది. గంగాళంతో 50 సార్లు మోసే నీళ్ళని చెంబుతో వేలసార్లు మోసినట్టు. చెంబు చాలినప్పుడు గంగాళం ఎందుకు?

ఇంత తెలిసిన నేను మొదటిరోజు చేసిందేమిటంటే, వంటింట్లో మిక్సీ ప్లగ్గుకే మిషను తగిలించాను. పది గేజి లావు రాడ్డు పెట్టాను. రెండో రాడ్డుకి సాకెట్ కరిగి కంపు కొట్టింది. ముప్పయ్యేళ్ళు ఊరందరికీ జాగ్రత్తలు చెప్పిన నోరు. మా ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఇప్పుడు డాబా మీద విడిగా 16 ఆంపియర్ల పాయింటు, పన్నెండు గేజి రాడ్డు, మిషను 75 ఆంపియర్ల మీద.

వానాకాలం రాడ్ల పూత చెమ్మ పీల్చి చిటపటమంటుంది. పొడి రోజు చూసి ఎండబెడతాను. మొన్న గుమ్మడి వడియాల చాప పక్కనే నా రాడ్ల పళ్ళెం పెట్టనిచ్చింది ఆవిడ, కాకుల కాపలా నాదేనన్న షరతు మీద.